బోరు నీళ్లే అసలు పరీక్ష



చెన్నైలో ఎం.టెక్. చేరిన కొత్తలో ప్రయోగశాలలో మాతో మొదట చేయించిన పని బంగారం వండటం. నిజంగా అది వంట లాంటి పనే. ముందు గాజుపాత్రను ఆక్వా రీజియాతో కడగాలి. ఆక్వా రీజియా అంటే బంగారాన్ని సైతం కరిగించే ఆమ్లాల మిశ్రమం. పాత్రలో పాత మురికి ఆనవాలు కూడా మిగలకూడదు. తరవాత వంద మిల్లీలీటర్ల శుద్ధమైన నీళ్లు పోసి, అందులో బంగారు లవణం కలిపి పొయ్యి మీద పెడతాం. ఆ నీళ్లలో ఉండే బంగారం గ్రాములో యాభయ్యో వంతుకు మించదు. లేత పసుపు రంగులో నీళ్లు తెర్లుతుంటాయి. అప్పుడు సోడియం సిట్రేటు ద్రావణం ఒక్కసారిగా పోస్తాం. అది నిమ్మకాయ పులుపుకు మూలమైన ఆమ్లం నుంచి వచ్చే లవణమే. పోసిన కాసేపటికి పసుపు మాయమై నీళ్లు తేటపడతాయి. తరవాత బూడిద రంగు, ఆ వెనకే నల్లని నీలం. చూస్తుండగానే నలుపు విరిగి దానిమ్మ రసం లాంటి ఎరుపు వస్తుంది.

ఆ ఎరుపు బంగారానిదే. ఆ నీళ్లలో తేలుతున్న ఒక్కో రేణువు పదిహేను, ఇరవై నానోమీటర్లు ఉంటుంది. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మన తలవెంట్రుక మందం అటూ ఇటూగా 80 వేల నానోమీటర్లు. బంగారాన్ని అంత చిన్నగా చేసేసరికి దాని పచ్చదనం పోయి ఎరుపు వచ్చింది. ఈ పద్ధతి 1951 నుంచీ ఉంది, టర్కెవిచ్ అనే రసాయన శాస్త్రవేత్త పేరు మీద నడుస్తోంది. ఇప్పటికీ నానో పదార్థాలు చదివేవాళ్లకు ఓనమాలు ఇక్కడే దిద్దిస్తారు.

ఆ రోజు నేను ఆ సీసాను కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. మా సీనియర్ అక్క వచ్చి, "బాగానే వచ్చిందిలే. ఇప్పుడు ఇందులో చిటికెడు ఉప్పు వెయ్యి" అంది. వేశాను. ఒక్క క్షణంలో ఎరుపంతా నీలమైపోయింది. గంట గడిచేసరికి అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. అక్కడితో ఆగలేదు నేను. హాస్టలు గదిలో మా ఊరి నీళ్లు ఒక సీసాడు ఉన్నాయి. మాది కనిగిరి పక్క పల్లె. వచ్చేటప్పుడు దారిలో తాగటానికని అమ్మ నింపిచ్చిన బోరు నీళ్లు అవి. ఇంకో కుప్పెలో మిగిలి ఉన్న ఎర్ర బంగారు నీళ్లలో వాటిని కొద్దిగా పోశాను. ఆ ఎరుపు కూడా ఊదా రంగుకు తిరిగి, చివరికి నీలమైంది.

కారణం చెప్పుకుంటే సులువు. ప్రతి రేణువు చుట్టూ సిట్రేటు పొర ఉంటుంది, దానికి ఋణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి రేణువులు విడివిడిగా తేలుతాయి. ఉప్పులోని సోడియమూ, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియమూ ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డ కడతాయి. గడ్డ కట్టాక అది నానో కాదు, మామూలు బంగారపు మడ్డి. పరీక్ష కాగితం మీద ఈ జవాబు రాస్తే మార్కులు పడతాయి. కానీ నాకు ఆ రోజు తట్టింది వేరే సంగతి. శుద్ధమైన నీళ్లలో ఎంత అందంగా ఉన్నా, మా ఊరి బోరు నీళ్ల ముందు నిలవని పదార్థం మా ఊరికి ఎందుకు పనికొస్తుంది? నానో పదార్థాన్ని తయారు చెయ్యటం ఈ చదువులో సగం. అది బయటి లోకంలో చెడకుండా, గడ్డకట్టకుండా, ఎవరికీ హాని చెయ్యకుండా, జనం కొనగలిగిన ధరకు పనిచేసేలా చూడటం మిగతా సగం. ఆ రెండో సగానికే ఇంజినీరింగ్ అని పేరు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

మా ప్రాంతపు నీళ్లకూ చెన్నైలోని గిండీకీ ఉన్న సంబంధం నా ఎం.టెక్.తో మొదలైంది కాదు. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషులు వెన్ను బిగుసుకుపోయి, కీళ్లు కదలక, వంగిన నడుములతో ఎందుకు మంచం పడుతున్నారో అందులో రాశారు. తాగే నీళ్లలోని ఫ్లోరైడే దానికి మూలమని తేల్చారు. మన దేశంలో ఫ్లోరోసిస్ అనే జబ్బును శాస్త్రీయంగా గుర్తించిన తొలి పత్రంగా దాన్నే చెబుతారు. కనిగిరి, పొదిలి, దర్శి ఆనాడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో కదా ఏర్పడింది. అంటే మా ముత్తాతల ఎముకల కథ మొదట రాసింది మద్రాసు ప్రయోగశాలలోనే. జబ్బును కనిపెట్టి తొంభై ఏళ్లు కావస్తోంది. మందు మాత్రం నీళ్లలోంచే రావాలి, ఎందుకంటే ఒకసారి ఎముకకు పట్టిన ఫ్లోరైడును వెనక్కి తీసే చికిత్స లేదు.

గిండీ నుంచి అడయారు వైపు సర్దార్ పటేల్ రోడ్డు మీద బస్సులో వెళితే ఈ చదువుకు సంబంధించిన ముఖ్యమైన చోట్లన్నీ కొద్ది దూరంలోనే తగులుతాయి. ఒకవైపు అన్నా యూనివర్సిటీ, అందులో నానోసైన్స్ కేంద్రం, స్ఫటికాలు పెంచే క్రిస్టల్ గ్రోత్ సెంటర్. కాస్త ఇవతల మద్రాసు యూనివర్సిటీ గిండీ ఆవరణ, అక్కడ మరో నానోసైన్స్ కేంద్రం. ఇంకోవైపు జింకలు తిరిగే ఐఐటీ అడవి. ఆ పక్కనే కేంద్ర చర్మ పరిశోధన సంస్థ. తెనాలి దగ్గరి యలవర్రు నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మగారు ఏళ్ల తరబడి డైరెక్టరుగా ఉన్న సంస్థ అది. ఆయనకు నానోతో ప్రమేయం లేదు, ఆ మాట అప్పటికి అంతగా వాడుకలో లేదు. కానీ ఆయన పద్ధతి ఈ చదువుకు అచ్చంగా సరిపోతుంది. ప్రయోగశాలలో కనిపెట్టింది తోళ్ల పరిశ్రమలో పనిచేసే కూలీ చేతికి చేరాలి, అక్కడి కష్టం తిరిగి ప్రయోగశాలకు రావాలి అని ఆయన పట్టుబట్టారు. మురుగు వాసనల మధ్య నిలబడి శాస్త్రం చేసిన మనిషి. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో ఆయన పోయారు. ఆ దారిన పోయే తెలుగు విద్యార్థులకు ఆ గేటు చూపించి ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండాలని నా కోరిక.

ఇక ఐఐటీ మద్రాసు సంగతి. అక్కడ రసాయన శాస్త్ర విభాగంలో తలప్పిల్ ప్రదీప్ అనే ఆచార్యులు ఉన్నారు. కేరళ నుంచి వచ్చినవారు, బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావుగారి దగ్గర పరిశోధన చేసి, 1993లో ఐఐటీలో చేరారు. 2003 ప్రాంతంలో ఆయన బృందం ఒక విచిత్రం గమనించింది. కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి మొండి క్లోరిన్ సమ్మేళనాలను వెండి నానో రేణువులతో కలిపితే, మామూలు గది వేడిమిలోనే అవి విరిగిపోతున్నాయి. మిగిలేది వెండి క్లోరైడూ, మసి లాంటి కార్బనూ. పెద్ద వెండి ముక్క ఈ పని చెయ్యదు. చిన్నగా చేస్తేనే చేస్తోంది. 2003లోనే మన దేశంలో సీసా నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో పురుగుమందులున్నాయన్న నివేదిక వచ్చి దేశమంతా గగ్గోలైంది. పురుగుమందుల్లో చాలా వాటికి క్లోరిన్ ఉంటుంది, మరికొన్నిటికి గంధకం ఉంటుంది. వెండికీ బంగారానికీ ఆ రెంటి మీదా మక్కువ. ఎండోసల్ఫాన్, మలాథియాన్, క్లోరిపైరిఫాస్ లాంటివి నీళ్లలోంచి వీటితో తియ్యవచ్చని వాళ్లు చూపించారు. 2007 నాటికి ఆ విద్యతో ఒక ఫిల్టరు బజారుకు వచ్చింది. గుంటూరు మిరప చేలూ, ప్రకాశం పత్తి చేలూ చూసినవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం ఆ తరవాతి మెట్టు. 2013లో ఆ బృందం అమెరికా విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసం అచ్చువేసింది. అందులో చెప్పిన, నీటిని శుద్ధి చేసే పదార్థానికి వాగు ఇసుక లక్షణాలు ఉన్నాయని వాళ్లే రాశారు. చదవగానే నాకు మా వైపు గుండ్లకమ్మ నది కళ్లముందు మెదిలింది. ఇసుకలా ఉండటంలో అంత గొప్పేముంది అనిపించవచ్చు. ఉంది. దాన్ని కాస్త విడమరిచి చెబుతాను, ఈ చదువు కిటుకంతా అక్కడే దాగి ఉంది.

నానో పదార్థానికి బలం దాని పైతలం. ఒక సెంటీమీటరు కొలత ఉన్న పటికబెల్లం ముక్క, సరిగ్గా ఘనాకారంలో ఉందనుకోండి. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కను ఒక్కో నానోమీటరు ఘనాలుగా నరికామనుకోండి. అప్పుడు ముఖాల వైశాల్యమంతా కలిపితే ఆరు వేల చదరపు మీటర్లు, అంటే ఎకరంన్నర పొలం. పదార్థం అంతే, కానీ విషాన్ని పట్టుకునే చోటు ఎకరంన్నరకు పెరిగింది. సరే, ఆ పొడిని ఒక గొట్టంలో నింపి పైనుంచి నీళ్లు పోయండి. ఏమవుతుంది? మెత్తటి వరిపిండిని గుడ్డలో మూటగట్టి నీళ్లు పోసినట్టే అవుతుంది. ముద్దకట్టి, చుక్క కూడా కిందికి దిగదు. ఎక్కువ ఒత్తిడి పెట్టి నెడితే, నీళ్లతోపాటు పొడి కూడా కొట్టుకుపోయి తాగేవాళ్ల గ్లాసులోకి వస్తుంది. అదే వాగు ఇసుక అయితే నీళ్లు హాయిగా దిగుతాయి, గింజలు కదలవు, తడిసినా విడిపోవు. కాబట్టి ఇంజినీరు చెయ్యాల్సింది చూపుకు ఇసుక గింజ, లోపల మాత్రం నానో రేణువుల పుట్ట. నీటికి దారి ఇవ్వాలి, విషానికి ఉచ్చు పన్నాలి.

ఆ గింజలను పట్టి ఉంచే జిగురు కైటోసాన్. రొయ్యల, పీతల పొట్టు నుంచి వస్తుంది. భీమవరం, నెల్లూరు వైపు వాళ్లకు రొయ్య పొట్టు కొత్త కాదు. ఆ పొట్టును శుద్ధి చేసి, క్షారంతో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దాన్లో అల్యూమినియం, ఇనుము లాంటి లోహాల ఆక్సీహైడ్రాక్సైడులను నీళ్లలోనే, కరెంటు ఖర్చు లేకుండా పుట్టిస్తారు. అందులో వెండి నానో రేణువులను ఇరికిస్తే, అవి కొద్దికొద్దిగా వెండి అయానులను వదులుతూ సూక్ష్మక్రిములను చంపుతాయి. మరీ ఎక్కువ వదిలితే ప్రమాదం. లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకైతే ఫర్వాలేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వాళ్ల పదార్థం ఆ హద్దు లోపలే ఉంటూ, గట్టి నీళ్లలో కూడా పైన సున్నం పొర కట్టకుండా, నెలల తరబడి ఒకే తీరుగా వెండిని వదలాలి. నా బంగారు నీళ్లను ఊదారంగుకు తిప్పిన కాల్షియం సమస్యే అక్కడా ఉంది చూడండి. దాన్ని వాళ్లు దాటారు. ఒక కుటుంబానికి ఏడాదికి రెండున్నర డాలర్ల ఖర్చుతో మంచినీళ్లు ఇవ్వవచ్చని ఆ వ్యాసంలో లెక్క కట్టారు. అప్పటి మారకంలో నూట యాభై రూపాయల లోపే.

ఆ దారిలోనే ఆర్సెనిక్‌ను తీసే ఇనుప పదార్థం వచ్చింది. దాని శాస్త్రం 2017లో అచ్చయింది. సాధారణంగా త్వరగా మారిపోయే ఒక రకం ఇనుప ఆక్సీహైడ్రాక్సైడును కైటోసాన్ గూటిలో బంధించి, మారకుండా నిలబెట్టారు. అమృత్ అనే పేరుతో ఆ పరిజ్ఞానం పశ్చిమ బెంగాల్ మొదలైన రాష్ట్రాల్లో పల్లెల నీటి కేంద్రాలకు చేరింది. ప్రదీప్‌గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, 2022లో నీటి మీద ఇచ్చే ప్రిన్స్ సుల్తాన్ అంతర్జాతీయ బహుమతీ, వియత్నాం వాళ్ల విన్‌ఫ్యూచర్ బహుమతీ వచ్చాయి. బహుమతుల కంటే నేను లెక్కలోకి తీసుకునేది వేరు. 2003లో గాజు గొట్టంలో గమనించిన సంగతి పల్లె కుళాయి దాకా రావటానికి పదేళ్లకు పైగా పట్టింది. ఎం.టెక్. రెండేళ్లలో అదంతా చెయ్యలేం. ఆ పొడుగాటి దారిలో ఒక మెట్టు ఎలా కట్టాలో నేర్చుకుంటాం.

ఏం నేర్పిస్తారని అడిగేవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. మొదటి ఏడాది క్వాంటం భౌతికం, ఘనపదార్థాల రసాయనం, తయారీ పద్ధతులు. తరవాత పదార్థాన్ని చూసే విద్య. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో స్ఫటికం తెలుసుకోవటం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో రేణువును చూడటం, నైట్రోజన్ వాయువును పీల్పించి పైతలం ఎంతుందో కొలవటం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర కూర్చున్న మొదటిరోజు ఎవరూ మరిచిపోరు. కానీ ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. కోట్ల రేణువుల్లోంచి అందంగా ఉన్న నాలుగింటి ఫొటో తీసి థీసిస్‌లో అంటించటం చాలా తేలిక. ఆ నాలుగూ అందంగా ఉండి, మిగతావి గడ్డకట్టి ఉంటే ఆ ఫొటో అబద్ధమే. నిజాయితీగా వందల రేణువులను కొలిచి సగటు చెప్పే విద్యార్థి నాకు ఎక్కువ గౌరవనీయుడు.

ద్రావణాలతో వండటం ఒక పద్ధతైతే, దంచటం ఇంకో పద్ధతి. లోహశాస్త్ర విభాగాల్లో బాల్ మిల్లు ఉంటుంది. గట్టి ఉక్కు డబ్బాలో లోహపు పొడులు వేసి, గోళీల్లాంటి గుండ్లు వేసి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తిప్పుతారు. గుండ్ల మధ్య పడి పొడి నలిగి, అతికి, మళ్లీ విరిగి, చివరికి ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంది. రోకటి పోటు తెలిసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఐఐటీ మద్రాసులో ఈ విద్యను తరాల విద్యార్థులకు నేర్పిన బి.ఎస్. మూర్తిగారు 2019లో ఐఐటీ హైదరాబాదుకు డైరెక్టరుగా వెళ్లారు. ఆయన మరి నలుగురితో కలిసి రాసిన నానో పాఠ్యపుస్తకం ఇప్పుడు చాలా కాలేజీల్లో చదువుతున్నారు. చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో అణు రియాక్టర్ల కోసం చేసే ఒక ప్రత్యేక ఉక్కుకు ఈ దంచుడే ఆధారం. ఉక్కులో యిట్రియం ఆక్సైడు రేణువులు కొన్ని నానోమీటర్ల కొలతలో చల్లినట్టుగా ఉండాలి. అవి ఉంటే ఎర్రగా కాలే వేడిలో కూడా ఉక్కు సాగిపోదు. ఆ పనిలో కల్పాక్కం పక్కన నిలిచినవి హైదరాబాదులోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. అంటే చెన్నైలో నేర్చిన విద్యకు హైదరాబాదులోనూ పని ఉంది.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను పరీక్షించి అందులో కార్బన్ నానో గొట్టాలు కనిపించాయని ప్రకటించారు. అలాంటి కత్తులకు ముడి ఉక్కు మన దక్షిణాది నుంచే వెళ్లేది. నిజామాబాద్ వైపు కోనసముద్రం దానికి పేరుపడిన చోటు. మనవాళ్లు నానో ఎప్పుడో చేశారని సభల్లో అంటుంటారు. ఆ కమ్మరులకు నానో గొట్టం సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. వాళ్లకు తెలిసింది ఇంకోటి. ఏ ముడి ఇనుము, ఏ ఆకూ ఏ కట్టే మూసలో పెట్టాలి, ఎంతసేపు ఊదాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి అన్నది. నిన్న వచ్చిన ఉక్కే ఇవాళా రావాలి, రేపూ రావాలి. దాన్ని సాధించారు. మా ప్రయోగశాలల్లో మేం తడబడేది సరిగ్గా అక్కడే. గ్రాము చేసినప్పుడు వచ్చిన గుణం కిలో చేసేటప్పుడు రాదు. చిన్న పాత్ర ఒక్కసారిగా మరుగుతుంది, పెద్ద గంగాళం అంచున మరిగి మధ్యలో చల్లగా ఉంటుంది. రేణువులు కొన్ని పెద్దవీ కొన్ని చిన్నవీ అయిపోతాయి. పెళ్లి వంట చేసేవాళ్లను అడగండి, ఇంట్లో నలుగురికి చేసిన పులిహోర రుచి నాలుగు వందల మందికి ఎందుకు రాదో వాళ్లు చెబుతారు.

నా థీసిస్ ఫ్లోరైడును పట్టే అల్యూమినియం పదార్థం మీద. శుద్ధమైన నీళ్లలో ఫ్లోరైడు కలిపి పరీక్షిస్తే బ్రహ్మాండంగా పట్టింది. ఊరి నీళ్లలో పెడితే సగానికి సగం పడిపోయింది, ఎందుకంటే ఆ నీళ్లలోని బైకార్బొనేటు కూడా వచ్చి అదే చోట కూర్చుంటుంది. ఆరు నెలలు దాంతో కుస్తీ పట్టాను. కాస్త దారికొచ్చాక ఒక చిన్న గొట్టం తయారుచేసి సెలవుల్లో ఊరికి పట్టుకెళ్లాను. మా పంచాయతీ నీళ్లు వదిలే సుబ్బారావు బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు. "నీళ్లు బాగుపడతాయంటున్నావు, సంతోషం నాయనా. ఇది ఎన్నాళ్లకు నిండిపోద్ది? నిండిందని మాకెట్టా తెలుసుద్ది? నిండినాక ఈ మట్టి యాడ పొయ్యాలి? మళ్లా బావి కాడే పోస్తే అది వానకు మళ్లా నీళ్లలోకే వస్తదిగా?"

నా దగ్గర మూడు ప్రశ్నలకూ సరైన జవాబు లేదు. ఆ తరవాత జరిగిన వైవాలో కూడా నన్ను ఎవరూ ఆ మూడూ అడగలేదు. చెన్నై తిరిగొచ్చాక థీసిస్‌లో ఒక అధ్యాయం పెంచాను. నిండిన పదార్థాన్ని క్షారంతో కడిగి మళ్లీ వాడటం, కడిగిన నీళ్లలోని ఫ్లోరైడును సున్నంతో గట్టిపరచటం, చివరికి మిగిలిన మట్టి నుంచి ఎంత తిరిగి కారుతుందో కొలవటం. ఆ అధ్యాయంలో గొప్ప ఫొటోలు ఏమీ లేవు. నేను చదివిన చదువులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. నల్గొండ పద్ధతిలో పటికా సున్నమూ వేసి ఫ్లోరైడును దించినప్పుడు కూడా చిక్కు అక్కడే వచ్చేది, అడుగున మిగిలిన బురద ఏం చెయ్యాలి, నీళ్లలో మిగిలిన అల్యూమినియం సంగతేమిటి అని. పదార్థం నానో అయినంత మాత్రాన ఈ ప్రశ్నలు తొలగిపోవు. రేణువు చిన్నది కాబట్టి ఇంకా జాగ్రత్తగా అడగాలి. పొడిగా ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నీళ్లలో వెండి ఎక్కువైతే చేపలకు కీడు. ప్రయోగశాలలో మాస్కు, గ్లవ్స్ లేకుండా పొడి తూచేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

రైతు శ్రోతలకు నానో అనగానే నానో యూరియా గుర్తుకొస్తుంది. 2021 నుంచి బజారులో ఉంది. అర లీటరు సీసా ఒక బస్తా పని చేస్తుందని చెప్పారు. పొలంలో దిగుబడి తగ్గుతోందని కొందరు వ్యవసాయ శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి చెప్పారు, ఆ చర్చ ఇంకా తెగలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చిన్నగా చేశాం కాబట్టి మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం శాస్త్రం కాదు. ఎన్ని నేలల్లో, ఎన్ని పంట కాలాల్లో పరీక్షించారన్నదే అడగాలి. బోరు నీళ్ల మాటా అదే, వరి మడి మాటా అదే.

ఈ చదువుకు వెళ్లాలనుకునే పిల్లలకూ, పంపే తల్లిదండ్రులకూ రెండు మాటలు. 2007లో కేంద్ర ప్రభుత్వం వెయ్యి కోట్లతో నానో మిషన్ పెట్టిన తరవాత ఊరూరా నానో కోర్సులు వచ్చాయి. చదివి బయటికొచ్చిన చాలామందికి నానో ఇంజినీరు కావాలన్న ప్రకటన ఎక్కడా కనబడలేదు. నానో ఒక కొలత, అది ఉద్యోగం పేరు కాదు. కంపెనీకి కావలసింది బ్యాటరీ తెలిసినవాళ్లు, పూతలు తెలిసినవాళ్లు, నీటి శుద్ధి తెలిసినవాళ్లు, మందులు తెలిసినవాళ్లు. కాబట్టి రసాయనమో, లోహశాస్త్రమో, భౌతికమో ఒక పునాది గట్టిగా వేసుకుని, దాని మీద నానో చదవండి. గేట్ ర్యాంకు చేతికొచ్చాక కాలేజీ పేరు చూసి చేరిపోవద్దు. ఒక్కరోజు చెన్నై వెళ్లి, అక్కడ చదువుతున్న వాళ్లను కలవండి. మైక్రోస్కోపు మీ చేతికి ఇస్తారా, గాజు తలుపు అవతలి నుంచి చూపిస్తారా? పాడైన పరికరం ఎన్నాళ్లకు బాగవుతుంది? నిరుడు థీసిస్‌లు ఏ పనుల మీద జరిగాయి? ఈ మూడూ అడగండి. హాస్టల్లో మన తెలుగు పిల్లలు ఎప్పుడూ ఉంటారు, దాచకుండా చెబుతారు. చేరాక తమిళం నేర్చుకోండి. ప్రయోగశాలలో గాజు ఊదే పనివారికీ, పరికరాలు నడిపే టెక్నీషియన్లకూ తెలిసినంత పుస్తకాల్లో ఉండదు, వాళ్లు దాన్ని తమిళంలోనే చెబుతారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. కనిగిరి నుంచో, మర్రిగూడ నుంచో, ఉద్దానం నుంచో, ఎక్కడి నుంచి వెళ్లినా, చెన్నై బస్సెక్కేటప్పుడు మీ ఊరి బోరు నీళ్లు రెండు లీటర్ల సీసాలో నింపి తీసుకెళ్లండి. శుభ్రమైన సీసా తీసుకుని, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచు దాకా నింపండి. సీసా మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తారీఖు రాయండి. చేరిన మొదటి వారంలోనే ఆ నీళ్లలో ఏముందో పరీక్ష చేయించి, ఫలితాన్ని మీ పంచాయతీకి ఒక ఉత్తరంగా రాసి పంపండి. మీ మొదటి ప్రయోగం అదే కావాలని నా మనవి.